విహారపురి గేటు ఎటు దిక్కు?

నాచారంలో పద్మశ్రీ ఇల్లెక్కడని అడిగితే కొందరు, "అవార్డు వచ్చినామెనా?" అని ఎదురు అడుగుతారు. అందులో ఆమె తప్పేమీ లేదు. ఆమె రాసిన పుస్తకం అట్ట మీద ప్రెస్సు వాళ్లు ఇంటిపేరు వదిలేసి ఒట్టి "పద్మశ్రీ" అని బంగారు రంగులో వేశారు. అది చూసి ఉప్పల్‌లో ఒక కాలనీ సంఘం వాళ్లు శాలువా పట్టుకుని ఇంటికే వచ్చేశారు. "అది నా పేరే, మా నాయన పెట్టిండు" అని ఆమె ఎంత చెప్పినా, తెచ్చిన శాలువా వెనక్కి పట్టుకెళితే బాగుండదని కప్పేసి, టీ తాగి వెళ్లారు.

పద్మశ్రీది జనగామ పక్కన చిన్న ఊరు. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేసి, పెళ్లికి ముందే నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కంపెనీలో చేరింది. ఎగ్జిబిషన్లకీ జాతరలకీ కావలసిన రంగులరాట్నాలు, జెయింట్ వీల్స్, పిల్లల రైళ్లు తయారుచేసే కంపెనీ అది. "పక్క షెడ్లల్ల మందు బిళ్లలు, బిస్కెట్లు తయారైతుండె. మా షెడ్డుల గుర్రాలు తయారైతుండె" అని ఇప్పటికీ గొప్పగా చెబుతుంది. రాట్నానికి ఎన్ని గుర్రాలు పట్టాలో, ఏ ఇనుప కడ్డీ ఎక్కడ వంగాలో బోర్డు మీద గీసి ఇవ్వడం ఆమె పని.

కంపెనీ యజమాని రామ్మోహనరావు గుడివాడ వైపు మనిషి. ఊరూరా తిప్పే రాట్నాలు చేసీ చేసీ, తనకంటూ ఒక పార్కు ఉండాలన్న కోరిక పుట్టింది ఆయనకు. చెంగిచెర్ల అప్పటికింకా బండరాళ్ల గుండ్లూ తుప్పలూ ఉన్న పల్లెటూరు. అక్కడ కొంత భూమి మాట్లాడుకున్నాడు. పేరు కూడా పెట్టేశాడు, విహారపురి అని. పద్మశ్రీని పిలిచి, "పద్మా, ఎక్కడా లేని ఆటలు గీయి. ఉన్నవి ఎలాగూ చేస్తూనే ఉన్నాం కదా" అన్నాడు.

ఉద్యోగంలో అలాంటి మాట వినడం అదే మొదలు, అదే చివర. పద్మశ్రీ గీసింది. బతుకమ్మలా వరసల మీద వరసలు పేర్చి, ఒక వరస కుడికీ ఇంకో వరస ఎడమకీ తిరిగే చక్రం. కాలు పెట్టిన గడికల్లా ఒక స్వరం పలికే పెద్ద తొక్కుడుబిళ్ల. సీటు ఎగిరెగిరి పడే "పట్నం బస్సు", అందులో అరిచే కండక్టరు. రేకుల కప్పు మీద సన్నటి వాన కురుస్తుంటే మంచాల మీద కూర్చుని మిరపకాయ బజ్జీలు తినే "ముసురు గది". అన్నిటికన్నా ఆమెకు ఇష్టమైనది "బావిలో ఆకాశం". పెద్ద గుండ్రటి బావి, దాని గోడ వెంట మెల్లగా తిరుగుతూ కిందికి దిగే బల్లలు. అడుగుకు చేరి తలెత్తి చూస్తే పట్టపగలే చుక్కలు కనపడాలి.

పార్కు కట్టలేదు. భాగస్వామి మనసు మార్చుకున్నాడు, భూమి ఇంకెవరి చేతికో పోయింది. రామ్మోహనరావు ఆ మాట మళ్లీ ఎత్తలేదు. కంపెనీ ఇంకా చాలా ఏళ్లు నడిచి, ఊరూరా మాల్స్ వచ్చాక మూతపడింది. షెడ్డు ఖాళీ చేసే రోజు డ్రాయింగులన్నీ తుక్కు బండికి ఎక్కుతుంటే పద్మశ్రీ విహారపురి చుట్టలు మాత్రం దించుకుని ఆటోలో ఇంటికి తెచ్చుకుంది. వాటిని మంచం కింద పెట్టినందుకు ఆమె భర్త లక్ష్మీకాంత్ కొన్నాళ్లు సణిగాడు. చీపురు పోవడం లేదని ఆయన ఫిర్యాదు.

ఉద్యోగం లేని రోజుల్లో ఒక్కో చుట్టా విప్పి, ఒక్కో ఆట గురించి రాయడం మొదలుపెట్టింది. ఎక్కితే ఎలా ఉంటుందో, గాలి ఎటునుంచి తగులుతుందో, పక్కన కూర్చున్నవాళ్లు ఏమని అరుస్తారో, అన్నీ రాసింది. అచ్చు వేసేవాళ్లు దొరకలేదు. రామంతాపూర్‌లో ప్రెస్సు చూసుకుని తానే వేయించుకుంది. పేరు "విహారపురి". దాని కింద "కట్టని ఆటల పుస్తకం" అని ఉంది కానీ, ప్రెస్సు వాళ్లు ఆ అక్షరాల మీదుగా జెయింట్ వీల్ బొమ్మ వేయడంతో అవి ఊచల్లో కలిసిపోయాయి. చివరి పేజీలో ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి పార్కుకు దారి చూపే మ్యాపు ఉంది. పాత డ్రాయింగుల్లో ఎలా ఉందో అలాగే వేయించింది. దాని పక్కన తన ఫోన్ నంబరు.

ఇక అభిప్రాయాలు రావడం మొదలైంది.

లక్ష్మీకాంత్ పుస్తకం చేతిలో పట్టుకుని చూసి, "బరువు మంచిగున్నది" అన్నాడు. అంతకుమించి చదవలేదు. ఆయన దినపత్రిక తప్ప ఏదీ చదవడు, పెళ్లిపత్రికలో కూడా ముహూర్తం వరకే చూస్తాడు. రిటైరైన తెలుగు టీచరు అన్నపూర్ణమ్మ ప్రతి పేజీలో ఎర్ర సిరాతో తప్పులు దిద్ది పుస్తకాన్ని తిరిగి పంపింది. ఆఖరున, "బాగుంది. ల, ళ తేడా తెలుసుకో" అని రాసింది. వరంగల్ నుంచి ఒకాయన ఫోన్ చేసి పుట్టినరోజు ఫంక్షన్‌కు హాలు ఉందా అని అడిగాడు. పద్మశ్రీ నవ్వి ఊరుకుంది. అప్పుడే కాస్త ఆలోచించవలసింది.

తేజేష్ అని ఉప్పల్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ కుర్రాడు పెద్ద వాయిస్ మెసేజ్ పెట్టాడు. "మేడమ్, బావి అడుగున ఉండగా కరెంటు పోతే జనం పైకి ఎలా వస్తారు? మీరు మెట్లు పెట్టలేదు." పద్మశ్రీ పరుగున వెళ్లి డ్రాయింగు పరిచింది. నిజమే, మెట్లు లేవు. ఇన్నేళ్లుగా ఆ బావిలోకి దిగినవాళ్లెవరికీ బయటికి దారి లేదు. మర్నాడు పొద్దున్నే కూర్చుని గోడ వెంట మెట్లు గీసి ఫొటో పంపింది. తప్పు పట్టినందుకు ఆమెకు కోపం రాలేదు సరికదా, రోజంతా హుషారుగా తిరిగింది. రేపే కడతారన్నట్టు చదివాడు కదా ఆ అబ్బాయి!

ఒక్కరి నుంచి మాత్రం మాట లేదు. అచ్చయిన మొదటి ప్రతిని హబ్సిగూడలో రామ్మోహనరావు ఇంటికి తీసుకెళ్లి ఇచ్చింది. ఆయనకు ఎనభై దాటాయి. పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడి పంపించాడు. ఆ తర్వాత ఫోన్ కూడా లేదు. పాత గాయాన్ని గెలికానేమోనని పద్మశ్రీకి లోపల గుబులుగా ఉండేది.

ఒక ఆదివారం ఆమె చికెన్ కడుగుతుండగా ఫోన్ మోగింది. చేయి తుడుచుకుని ఎత్తింది.

"హలో, విహారపురా?" ఆడగొంతు.

"ఆ, పుస్తకం రాసింది నేనే. చెప్పున్రి."

"మేడమ్, గేటు ఎటు దిక్కున్నది? మ్యాపుల ఉన్నట్టే వచ్చినం. బోడుప్పల్ దాటినం, చెంగిచెర్ల రోడ్డెక్కినం, పెద్ద గుండ్లు దాటినం. ఈడ సూస్తే బర్రెల కొట్టమున్నది."

"ఎవ్వలు? మజాక్ జేస్తున్నరా?"

"మజాకేంది మేడమ్! ఇద్దరు పిల్లల్ని ఏస్కొని ఆటోల వచ్చిన. ఎండల నిలబడ్డం."

"అమ్మా... అది కట్టలే."

"ఇంకా అయిపోలేదా? ఎప్పుడు తెరుస్తరు?"

"తెరుసుడు లేదు బిడ్డా. అసలు కట్టనే లే. కట్టని ఆటల గురించే ఆ పుస్తకం."

అవతల ఒక బర్రె అరిచింది. ఎవరో చిన్నపిల్లవాడు ఏడుస్తున్నాడు.

"కట్టనిదానికి మ్యాపెందుకు ఏసిన్రు?" అని ఫోన్ పెట్టేసిందామె.

సాయంత్రానికి పుస్తకం అమ్మే వెబ్‌సైట్‌లో అభిప్రాయం పడింది. లక్ష్మీకాంత్ కళ్లద్దాలు పెట్టుకుని పైకి చదివాడు. "ఒక్క స్టార్. 'మోసం. ఆదివారం ఖరాబైంది. ఆడ పార్కు లేదు, బర్రెలున్నయి. ఎవ్వరూ కొనకున్రి.' పేరు సంతోషి అంట." ఫోన్ పక్కన పెట్టి, "మనోళ్లందరికీ చెప్తా. తలా ఐదు స్టార్లు ఏపిస్తా. ఇది కిందికి పోతది" అన్నాడు.

"వద్దు," అంది పద్మశ్రీ. "ఆమె రాసినదాంట్ల అబద్ధమేమున్నది?"

మరుసటి రోజు తనే ఆ నంబరుకు ఫోన్ చేసి చిరునామా అడిగింది. సంతోషి అనుమానంగానే చెప్పింది. నాచారంలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది, ఉండేది మేడిపల్లిలో. పద్మశ్రీ జామపండ్లు కొనుక్కుని, డ్యూటీ దిగే వేళ చూసుకుని బస్సెక్కింది.

సంతోషి ఇంకా కంపెనీ యూనిఫాం చీరలోనే ఉంది. తలుపు తీసి ఎగాదిగా చూసింది. "మీరేనా రాసింది? తిట్టిన్నని వచ్చిన్రా?"

"తిట్టినవని కాదు బిడ్డా. ఎండల నిలబెట్టిన్నని వచ్చిన."

సంతోషి కాస్త తగ్గి కుర్చీ లాగింది. టీ పెడుతూనే సంగతంతా చెప్పింది. పుస్తకం తెచ్చుకున్నది ఆరో తరగతి చదివే తన కూతురు ధనశ్రీ. బళ్లో ఎవరిదో చూసి కొనేదాకా ఊరుకోలేదట. కొన్నాక తీసుకుపొమ్మని రోజూ పోరు. తనకు చదివే తీరిక లేదు, బొమ్మలు చూసింది, మ్యాపు చూసింది, ఆటో మాట్లాడుకుంది. "వారానికి ఒక్కటే సెలవు ఆంటీ. చిన్నోడు రైలెక్కుత రైలెక్కుత అని వచ్చిండు. బర్రెను సూసి ఒకటే ఏడ్సుడు."

ఇంతలో ధనశ్రీ లోపలి గదిలోంచి పుస్తకంతో వచ్చింది. నమస్తే కూడా చెప్పకుండా అడిగింది. "బావి గేటుకాంచి ఎంత దూరముంటది ఆంటీ? బర్రెల కొట్టం కాడనా, ఇంకా ముందుకా?"

పద్మశ్రీ ఆ పిల్ల ముఖంలోకి చూసింది. "పుస్తకం మొత్తం సదివినవా?"

"సదివిన."

"అయితే కట్టలేదని నీకు తెల్వదా?"

"తెల్సు."

సంతోషి టీ గ్లాసు ఠక్కున కింద పెట్టింది. "తెల్సా? తెల్సీ నన్ను గంత దూరం తీస్కపోయినవా?"

"కట్టలేదని తెల్సు మమ్మీ," అంది ధనశ్రీ, ఇందులో దాచడానికేముందన్నట్టు. "యాడ కట్టలేదో సూద్దామనుకున్న."

సంతోషి తల పట్టుకుంది. పద్మశ్రీకి మాత్రం నవ్వూ, ఇంకేదో కూడా ఒకేసారి వచ్చాయి. పార్కు ఎందుకు కట్టలేదని చాలామంది అడిగారు. ఎక్కడ అని అడిగిన మనిషి ఈ పిల్లే. అసలు తను కూడా, భూమి చేయిజారిపోయాక ఒక్కసారైనా అటు వెళ్లలేదు. బోడుప్పల్ దాకా ఎన్నో పనుల మీద వెళ్లింది. ఎడమకు మాత్రం తిరగలేదు.

"వచ్చే ఆదివారం నేను సూపెడ్త," అంది. "ఆటో నేనే మాట్లాడుత. నువ్వు కూడా రావాలె సంతోషీ."

"బర్రెలను సూడనీకా?" అంది సంతోషి. రానని మాత్రం అనలేదు.

ఇంటికి వచ్చి రామ్మోహనరావుకు ఫోన్ చేసింది. "సార్, ఆదివారం చెంగిచెర్ల పోతున్నం. మీరు వస్తరా?"

"అక్కడేముందని పద్మా?"

"ఏం లేదు సార్. అదే సూడనీకి."

ఆయన, "ఎన్నింటికి?" అన్నాడు.

ఆ ఆదివారం లక్ష్మీకాంత్ కూడా బయల్దేరాడు, పెద్దాయనకు తోడని. తేజేష్‌కు చెబితే కొలిచే టేపు పట్టుకుని బైకు మీద వచ్చాడు. వరంగల్ హైవే మీది ట్రాఫిక్‌ను తిట్టుకుంటూ అందరూ చెంగిచెర్ల చేరేసరికి ఎండ ముదరలేదు. చుట్టూ కొత్త కాలనీలు, మధ్యలో ఆ ఒక్క జాగా ఖాళీగా మిగిలింది. ఓ మూల కొట్టం, దాని ముందు బీడీ కాలుస్తూ హన్మయ్య. భూమి ఎవరో పట్నం ఆసామిది, చూసుకునేది ఈయన.

"మళ్లొచ్చిన్రా?" అన్నాడు సంతోషిని గుర్తుపట్టి. సంగతి వివరిస్తే శ్రద్ధగా విన్నాడు. పద్మశ్రీ పుస్తకంలో కొట్టం ఉన్న చోటు చూపించి, ఇక్కడ టికెట్ కౌంటర్ రావలసిందని చెప్పింది. హన్మయ్య బొమ్మను దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. "కట్టకుంటేనే మంచిగైంది తల్లీ. కడితే నా బర్రెలు యాడికి పోవాలె?" అన్నాడు. అది కూడా ఒక అభిప్రాయమే కదా అనుకుంది పద్మశ్రీ.

ఆమె సంచిలోంచి ముగ్గుపిండి తీసింది. డ్రాయింగును నేల మీద పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, చీర కుచ్చెళ్లు పైకి దోపుకుంది. తేజేష్ టేపు పట్టుకున్నాడు. గేటు దగ్గర మొదలుపెట్టి గీతలు వేసుకుంటూ పోయింది. ఇది రైలు పట్టాలు, ఇది ముసురు గది, ఇవి మంచాలు. తొక్కుడుబిళ్ల గడులు పూర్తికాకముందే ధనశ్రీ తమ్ముడు దూకేశాడు. గడికొక స్వరం పలకాలని చెబితే, కాలు పెట్టిన ప్రతిసారీ వాడే గొంతు చించుకుని అరిచాడు. పక్క కాలనీ పిల్లలు గోడ దూకి వచ్చేశారు.

పట్నం బస్సు గీసేసరికి లక్ష్మీకాంత్‌కు ఏం పూనిందో తెలియదు, గీతల మధ్యకు వెళ్లి నిలబడి, "జరుగున్రి, లోపలికి జరుగున్రి! ముంగట మస్తు జాగున్నది!" అని మొదలుపెట్టాడు. పిల్లలు కిక్కిరిసి నిలబడి ఎగిరెగిరి పడ్డారు. నడుం మీద చేతులు పెట్టుకుని దూరంగా ఉన్న సంతోషి, "ఓ కండక్టర్ సారూ, లేడీస్ సీటేది?" అంటూ ఎక్కేసింది. ఆ తర్వాత ఆమెను దించడం ఎవరి వల్లా కాలేదు.

రామ్మోహనరావు హన్మయ్య వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. పద్మశ్రీ గేటు పక్కన పెద్ద వలయం గీయడం మొదలుపెట్టగానే కర్ర ఊతంతో లేచాడు.

"పద్మా, ఆ బావి అక్కడ కాదు."

ఆమె ఆగింది. "డ్రాయింగుల ఈడనే ఉన్నది సార్."

"ఉంది. పుస్తకంలోనూ అలాగే వేశావు. బావి గేటు పక్కన పెడితే జనం ముందు అందులోకే దిగుతారు. చుక్కలు చూసి వచ్చాక ఇంక మిగతావి ఎవరికి ఆనతాయి? చివర్లో పెట్టాలి."

"గేటు కాడ పెట్టుమన్నది మీరే సార్."

"అన్నాను. అప్పుడు తొందరలో ఉన్నాను." ఆయన కర్రతో మైదానం అవతలి కొస చూపించాడు. "అదిగో, ఆ గుండు పక్కన. నడిచి నడిచి వెళ్లాలి దానికి."

పద్మశ్రీ ముగ్గు చేత్తో అలాగే నిలబడింది. "పుస్తకం సదివిన్రా సార్? మరి ఫోన్ జేయలేదేంది?"

రామ్మోహనరావు కాసేపు పిల్లల వైపు చూశాడు. "ఏం చెప్పను? చదువుతున్నంతసేపూ కట్టేసినట్టే ఉంది. పుస్తకం మూస్తే లేదు. అందుకని అయిపోగానే మళ్లీ మొదటికి వచ్చేవాణ్ణి. ఇంక నీకు ఫోన్ ఎప్పుడు చేయను?"

పద్మశ్రీ తల వంచుకుని కాలితో ఆ వలయాన్ని చెరిపేసింది. ఇద్దరూ నెమ్మదిగా నడుచుకుంటూ గుండు దాకా వెళ్లారు. అక్కడ బావిని మళ్లీ గీసింది, ఈసారి మెట్లతో. ధనశ్రీ ఆ మెట్ల గీతల మీదుగానే ఒద్దికగా నడిచి దిగి, నడిమధ్యన వెల్లకిలా పడుకుంది.

"చుక్కలు కనపడుతున్నాయా?" అని అడిగాడు పెద్దాయన.

"ఇంకా అడుగుదాంక దిగలే తాతా," అంది కళ్లు మూసుకుని. "ఆగు జర."

ఆయన ఆగాడు. ఎండలో, కర్ర మీద రెండు చేతులూ ఆనించి, ఆ పిల్ల కళ్లు తెరిచేదాకా నిలబడే ఉన్నాడు.

రెండు రోజుల తర్వాత సంతోషి తన అభిప్రాయం మార్చి రాసింది. "పార్కు లేదు. అయినా పోవచ్చు. మంచినీళ్లు ఎంబడి తీస్కపోన్రి." స్టార్ మాత్రం ఒక్కటే ఉంచింది. లక్ష్మీకాంత్ బతిమాలితే, "కట్టినంక ఐదిస్త అంకుల్" అంది. ఆ ఒక్క స్టార్ చదివే చాలామంది పుస్తకం కొన్నారు. రెండో ముద్రణలో పద్మశ్రీ "కట్టని ఆటల పుస్తకం" అన్న మాటను పేరంత పెద్దగా వేయించింది. బావిని గుండు పక్కకు మార్చింది. ల, ళలు అన్నపూర్ణమ్మే దిద్దిపెట్టింది. మ్యాపు ఉంచాలా తీసేయాలా అని ఇంట్లో వాదన నడిచింది. చివరికి ఉంచింది, పక్కన "ఇక్కడ ఏమీ లేదు" అని రాసి. ఆ చలికాలమంతా ఏదో ఒక ఆదివారం ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉన్నారు, ఏమీ లేని చోటుకు దారి అడుగుతూ. ఆమె ముగ్గుసంచి తీసుకుని వెళ్లేది.

ఈ ఎండాకాలం ధనశ్రీ తల్లి ఫోన్ నుంచి మాట్లాడింది. "ఆంటీ, ఆడ గుంత తీస్తున్రు. మస్తు లోతున్నది."

ఇద్దరూ వెళ్లి చూశారు. హన్మయ్య బర్రెలను తోలుకుని తమ్ముడి ఊరికి వెళ్లిపోయాడట. రేకుల కంచె, లోపల పెద్ద యంత్రాలు. పద్మశ్రీ తనకు ఏడుపు వస్తుందేమో అనుకుంది. గుంత అంచున నిలబడి, ఎంత లోతు తవ్వారో, మట్టి జారకుండా ఎలా ఆపారో చూస్తూ ఉండిపోయింది. సేఫ్టీ టోపీ పెట్టుకున్న ఇంజనీరు వచ్చి, ఫ్లాటు చూడడానికి వచ్చారా అని అడిగి, రంగురంగుల బ్రోషరు చేతిలో పెట్టాడు. అందులో ఈత కొలను ఉంది, పిల్లల ఆటస్థలం ఉంది, పచ్చగడ్డి మీద నవ్వుతూ నడిచే కుటుంబం ఉంది.

ధనశ్రీ ఒక్కో పేజీ తిప్పి చూసి, "ఇవన్నీ కడ్తరా?" అని అడిగింది.

"తప్పకుండా కడతామమ్మా," అన్నాడు ఇంజనీరు.

ధనశ్రీ మర్యాదగా తల ఊపింది. రోడ్డు మీదికి వచ్చాక మెల్లగా అంది. "మంచిగనే గీసిన్రు ఆంటీ. గానీ ఆడ నిలబడితే గాలి ఎటుకాంచి వస్తదో రాయలే."

"కొత్తోళ్లు గదా, నేర్సుకుంటరు," అంది పద్మశ్రీ. రోడ్డు మూల మీద చెరుకురసం బండి కనపడింది. అల్లం ఎక్కువ వేయమని చెప్పి, ఇద్దరూ చెట్టు నీడలోకి జరిగి నిలబడ్డారు.